వెడల్పు పడవకు ముందు రేవు: ఇంగ్లండ్ కాలువల మీద నిలకడైన చోటు వెతకడం

ఇంగ్లండ్‌లో కాలువ మీద కాపురం ఉండాలనుకునేవారిలో చాలామంది ముందు పడవను ఎంచుకుంటారు. దాన్ని కట్టుకునే చోటు సంగతి తర్వాత చూసుకోవచ్చునని అనుకుంటారు. ఏడడుగుల లోపు వెడల్పుండే సన్న పడవ, అంటే అక్కడివాళ్ల మాటలో నారోబోట్, కొన్నవారికి ఈ వరుస వల్ల పెద్ద నష్టం ఉండదు. ఒక కాలువ మీద చోటు దొరక్కపోతే మరో కాలువకు వెళ్లి వెతుక్కోవచ్చు. పది, పన్నెండు అడుగుల వెడల్పుండే వైడ్‌బీమ్ కొన్నవారి పరిస్థితి అది కాదు. లండన్‌లోనో రెడింగ్‌లోనో ఇళ్ల ధరలు చూసి బెదిరి, రెండు పడకగదులూ సరైన వంటగదీ ఉన్న పడవ అందుబాటు ధరకు కనిపించగానే బయానా ఇచ్చేసినవారికి, ఆ పడవ పట్టే రేవు దగ్గరలో ఎక్కడా ఖాళీ లేదని తెలిసేసరికి చేతిలో డబ్బూ ఉండదు, వెనక్కి పోయే దారీ ఉండదు. అందుచేత ముందు రేవును ఖాయం చేసుకుని, ఆ రేవుకు సరిపడే పడవనే కొనాలని నేను గట్టిగా చెబుతాను. దానికి కారణాలు కాలువల నిర్మాణంలో కొన్ని, చట్టంలో కొన్ని, రేవుల ఒప్పందాల్లో మరికొన్ని ఉన్నాయి.

రేవు అనే మాటను అక్కడివాళ్లు మూరింగ్ అనేదానికి ఈ వ్యాసంలో వాడుతున్నాను. పడవ దాటించే రేవు కాదు, ఏడాది పొడవునా ఒకే పడవను ఒప్పందం మీద కట్టి ఉంచుకునే చోటు అని అర్థం. లాకు అనే మాటను మాత్రం గోదావరి, కృష్ణా డెల్టాలవారికి వివరించనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ తన కాలువలను సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ పనికివచ్చేలా తవ్వించాడు. ఆ ఆలోచన వెనుక అప్పటికే ఇంగ్లండ్‌లో స్థిరపడిన కాలువల రవాణా ఉంది. నీటి మట్టం మారే చోట రెండు జతల తలుపుల నడుమ పడవను నిలిపి, నీరు నింపో వదిలో పైకి లేపే, కిందికి దించే ఆ గది కొలతే మన కథకు మూలం.

ఏడడుగుల లెక్క

పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు మధ్య ఇంగ్లండ్ కాలువలకు రూపకల్పన చేస్తూ లాకులను సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుకు పరిమితం చేశాడు. సన్నని లాకుకు నీరు తక్కువ పడుతుంది, సొరంగం తవ్వే ఖర్చు తగ్గుతుంది. 1777లో పూర్తయిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువలో అధిక భాగం ఈ కొలతతోనే ఉంది. దానికి కలుస్తూ తవ్విన కాలువలు చాలావరకు అదే కొలతను పాటించాయి. నేటికీ నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాల దగ్గర ఆగడానికి కారణం ఆ నిర్ణయమే. మరికొన్ని కాలువలను వేరే కంపెనీలు, వేరే అవసరాలకు, 14 అడుగుల లాకులతో కట్టాయి. వైడ్‌బీమ్ తిరగగలిగేది ఈ రెండో రకం కాలువల మీద, నదుల మీద మాత్రమే.

దేశపటం మీద ఈ వెడల్పు జలమార్గాలు ఒకదానితో ఒకటి కలిసిన వలలా ఉండవు, విడివిడి దీవుల్లా ఉంటాయి. దక్షిణాన థేమ్స్ నది, రెడింగ్ నుంచి బ్రిస్టల్ దాకా 87 మైళ్లు సాగే కెనెట్ అండ్ ఏవన్, బ్రెంట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌ను వదిలి ఉత్తరానికి పోయే గ్రాండ్ యూనియన్, లండన్ నడిబొడ్డున రీజెంట్స్ కాలువ, తూర్పున లీ, స్టోర్ట్ నదీమార్గాలు ఒక జట్టు. ఉత్తరాన 127 మైళ్ల లీడ్స్ అండ్ లివర్‌పూల్, బ్రిడ్జ్‌వాటర్, రాచ్‌డేల్ కాలువలు, యార్క్‌షైర్ నదీమార్గాలు, ట్రెంట్ నది, అక్కడి నుంచి లెస్టర్ దాకా వచ్చే సోర్ నది మరో జట్టు. తూర్పున నెన్, గ్రేట్ ఊజ్ నదులు వేరు. పడమట గ్లోస్టర్ అండ్ షార్ప్‌నెస్ వేరు. ఉత్తర, దక్షిణ జట్లను కలపగలిగే దారి నార్తాంప్టన్‌షైర్‌లోని వాట్‌ఫర్డ్ లాకుల దగ్గరా, లెస్టర్‌షైర్‌లోని ఫాక్స్‌టన్ లాకుల దగ్గరా ఏడడుగులకు ఇరుకైపోతుంది. ఫాక్స్‌టన్‌లో 1900లో వెడల్పు పడవలను కొండవాలు మీద తొట్టెల్లో ఎక్కించి దించే యంత్రాన్ని కట్టారు గానీ వాట్‌ఫర్డ్ లాకులను వెడల్పు చేయలేదు. యంత్రం కొన్నేళ్లకే మూలపడింది, ఆ ఇరుకు అలాగే మిగిలిపోయింది.

లీడ్స్‌లో చవగ్గా దొరికిన వైడ్‌బీమ్‌ను లండన్ తీసుకురావాలంటే లోపలి జలమార్గం లేదు. క్రేన్‌తో ఎత్తి లారీ మీద తేవాలి. 2.9 మీటర్ల వెడల్పు దాటిన సరుకును రోడ్డు మీద తరలించాలంటే పోలీసులకు ముందుగా తెలియజేయాలి, 3.5 మీటర్లు దాటితే డ్రైవరుతోపాటు సహాయకుడు కూడా ఉండాలి. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు. రెండు చోట్లా క్రేన్ నిలబడే గట్టి నేల కావాలి. ఇరవై టన్నులు దాటిన పడవను ఎత్తే క్రేన్ అద్దె చిన్న మొత్తం కాదు. కాబట్టి పడవ దొరికిన జట్టు, రేవు దొరికిన జట్టు వేరైతే ఆ తేడా ఖర్చును పడవ ధరలోనే కలిపి చూసుకోవాలి.

ఒకే జట్టులో ఉన్నంత మాత్రాన పడవ అన్ని చోట్లకూ పోతుందని కాదు. 14 అడుగుల లాకు ఉందంటే 14 అడుగుల పడవ హాయిగా తిరుగుతుందని అనుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. పాత ఇటుక వంతెనల కింద దారి విల్లులా వంగి ఉంటుంది. మధ్యలో ఎత్తున్నా అంచుల్లో ఉండదు. సన్న పడవ నడిమధ్యన సులభంగా పోతుంది గానీ, పెట్టెలా నిటారు గోడలున్న వెడల్పు పడవ పైమూలలు వంపుకు రాసుకుంటాయి. కాలువ అడుగు కూడా తట్టలా ఉంటుంది: నడుమ లోతు, గట్టు దగ్గర మెరక. పూడిక పేరుకున్న చోట వెడల్పు పడవ గట్టుకు చేరలేక అడుగు నేలకు తగిలి ఆగిపోతుంది. గ్రాండ్ యూనియన్‌లో 3,076 గజాల బ్లిస్‌వర్త్ సొరంగంలో రెండు సన్న పడవలు ఎదురెదురుగా తప్పుకోగలవు. వెడల్పు పడవ వెళ్లాలంటే ముందుగా సమయం అడిగి, ఎదురు పడవలను ఆపించుకోవాలి. పొడవు సంగతీ ఉంది. లీడ్స్ అండ్ లివర్‌పూల్ లాకులు చాలావరకు సుమారు 62 అడుగులకే సరిపోతాయి, కాల్డర్ అండ్ హెబుల్ మీద 57 అడుగులు దాటితే చిక్కు. ఉత్తరాన ఉండాలనుకునేవారు 70 అడుగుల పడవ చవగ్గా వచ్చిందని కొంటే సగం జట్టును వదులుకున్నట్టే.

చట్టం అడిగేది ఏమిటి

ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలు 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చేతిలో ఉన్నాయి. అంతకుముందు బ్రిటిష్ వాటర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకునేది. థేమ్స్‌లో సముద్రపు పోటు తగలని భాగం, నెన్, గ్రేట్ ఊజ్ వంటివి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంటాయి, వాటి నమోదు వేరు. ట్రస్టు కాలువల మీద పడవ ఉంచాలంటే లైసెన్స్, బీమా, నాలుగేళ్లకోసారి చేయించే భద్రతా తనిఖీ పత్రం అవసరం. వీటికి తోడు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టంలోని 17వ సెక్షన్ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోమంటుంది. పడవను న్యాయబద్ధంగా వదిలిపెట్టి ఉంచగల సొంత రేవు ఉందని చూపాలి. లేకపోతే ఏ ఒక్క చోటా ఏకబిగిన 14 రోజులు మించకుండా నిజంగా ప్రయాణిస్తూ ఉంటామని ట్రస్టును ఒప్పించాలి.

రేవు దొరకని వైడ్‌బీమ్ యజమాని సహజంగానే రెండో దారి వైపు చూస్తాడు. సన్న పడవకు దేశమంతా తిరిగే వీలుంది. వెడల్పు పడవకు ఉన్న మైళ్లు తక్కువ, ఆగేందుకు అనువైన గట్టులు ఇంకా తక్కువ. ఏడాది మొత్తం మీద 15, 20 మైళ్ల పరిధిలోనే అటూ ఇటూ జరిగితే నిజమైన ప్రయాణంగా ఒప్పుకోవడం కష్టమని ట్రస్టు తన మార్గదర్శకాల్లో చెబుతోంది. పిల్లల బడి, ఉద్యోగం ఒకే ఊళ్లో ఉన్న కుటుంబానికి ఇది ఎంత కష్టమో ఊహించవచ్చు. పైగా 2.16 మీటర్లు దాటిన పడవలకు లైసెన్స్ రుసుము మీద అదనం, 3.24 మీటర్లు దాటినవాటికి ఇంకా ఎక్కువ అదనం విధించారు. 2024 ఏప్రిల్ నుంచి సొంత రేవు లేని పడవలకు ఏటేటా పెరిగే మరో అదనపు రుసుము వచ్చింది. వెడల్పుండి రేవు లేని పడవ మీద ఈ రెండూ పడతాయి. కేవలం లైసెన్స్ కోసం ఎక్కడో మారుమూల చవక రేవు ఒకటి కాగితం మీద తీసుకుని, పడవను ఊరి దగ్గరే ఉంచుకోవాలని కొందరు చూస్తారు. రేవున్న పడవకైనా బయట గట్టున ఆగినప్పుడు 14 రోజుల హద్దు వర్తిస్తుంది కనుక అది చిక్కును వాయిదా వేయడమే.

గట్టు వెంబడా, మరీనాలోనా

రేవులు ప్రధానంగా రెండు రకాలు. కాలువలోనే ఒడ్డు వెంబడి వరుసగా కట్టుకునేవి ఒకటి. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన గట్టు దారి ఒక వైపు ఉంటే, రేవులు ఎక్కువగా దానికి అవతలి ఒడ్డున ఉంటాయి. కాలువ పక్కన తవ్విన కోనేరు లాంటి మరీనా రెండోది.

ఒడ్డు రేవులు చవక, చూపుకు హాయి. అయితే అక్కడ పన్నెండు అడుగుల పడవ కట్టాక ఎదురుగా వచ్చే పడవలకు తగినంత నీటిదారి మిగలాలి. అలా మిగలని చోట వెడల్పు పరిమితి ఏడడుగులే. అందుకే ట్రస్టు సొంత రేవుల ఖాళీల ప్రకటనల్లో పొడవుతోపాటు గరిష్ఠ వెడల్పు కూడా రాసి ఉంటుంది. వైడ్‌బీమ్‌కు పనికొచ్చేవి అందులో కొద్దిగానే కనిపిస్తాయి. పొలం అంచునో, ఎవరి పెరటి చివరనో ఉండే రేవులు తరచుగా నోటిమాట మీదే దొరుకుతాయి. అయితే నేల రైతుదైనా కాలువ నీరు ట్రస్టుది. ఆ చోట పడవ కట్టడానికి ట్రస్టు అనుమతి, దానికి రుసుము వేరే ఉంటాయి. భూయజమాని సరేనన్నాడు కదా అని పడవ తెచ్చి కట్టేస్తే సరిపోదు. ఆ అనుమతి పత్రం చూపమని అడగడంలో మొహమాటం వద్దు.

మరీనాలో నీరు కదలకుండా ఉంటుంది, కరెంటు, మంచినీరు, మరుగుదొడ్డి తొట్టె ఖాళీ చేసే ఏర్పాటు, కారు నిలిపే చోటు దగ్గరలోనే ఉంటాయి. అక్కడ పడవల పక్కగా నీటిలోకి వేళ్లలా చాచి ఉండే నడక పలకల నడుమ ఖాళీ మామూలుగా రెండు సన్న పడవలకు సరిపడేలా కట్టి ఉంటుంది కనుక, వైడ్‌బీమ్ పెడితే రెండు రేవులు పోయినట్టే. అందుకే చాలా మరీనాలు మీటరు పొడవుకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో వసూలు చేస్తాయి. అదనంగా, మరీనాను కాలువకు కలుపుకున్నందుకు యజమాని రేవుల ఆదాయంలో 9 శాతం ట్రస్టుకు చెల్లించే ఒప్పందాలు ఉన్నాయి. అలాంటి మరీనాలో కదలకుండా ఉన్న పడవకూ లైసెన్స్ ఉండాల్సిందే. ధర అడిగేటప్పుడు పొడవుకు ఎంత అని కాక, ఈ పొడవు, ఈ వెడల్పు పడవకు ఏడాదికి మొత్తం ఎంత, కరెంటు యూనిట్ ధర ఎంత, అందులో పన్ను కలిసిందా అని అడగాలి.

ఉండటానికా, ఉంచటానికా

అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడ, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను. రేవు ఉండటం వేరు, ఆ రేవులో కాపురం ఉండే హక్కు వేరు. విహారానికి వాడే పడవను ఉంచుకునే లీజర్ మూరింగ్‌లు ఎక్కువ. నివాసానికి అనుమతి ఉన్న రెసిడెన్షియల్ మూరింగ్‌లు తక్కువ. ఒక చోటును నివాసానికి వాడాలంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, అంటే కౌన్సిల్, నుంచి ప్లానింగ్ అనుమతి కావాలి. ఆ అనుమతి పడవకు కాదు, ఆ చోటుకు సంబంధించినది. ఇంట్లో ఉండాల్సినవన్నీ పడవలో ఉన్నంత మాత్రాన రేవు నివాస రేవు అయిపోదు.

కొన్ని లీజర్ రేవుల్లో యాజమాన్యం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఏడాదికి కొన్ని వారాలు పడవ బయటికి వెళ్లి వస్తే చాలు, ఇక్కడి చిరునామాకు ఉత్తరాలు తెప్పించుకోకండి, పిల్లల బడికి ఈ చిరునామా ఇవ్వకండి అని మాటగా చెబుతారు. ఇది నడిచినన్నాళ్లు నడుస్తుంది. పక్క ఊరివాళ్లు ఫిర్యాదు చేసిన రోజునో, మరీనా చేతులు మారిన రోజునో, కౌన్సిల్ నోటీసు ఇచ్చిన రోజునో ముందు వెళ్లిపోవాల్సింది అక్కడ కాపురమున్నవారే. సన్న పడవవాళ్లు మోకులు విప్పుకుని ఏదో ఒక దిక్కుకు పోగలరు. వెడల్పు పడవ కుటుంబం, ఆ జట్టులో మరో రేవు ఖాళీ లేకపోతే, 14 రోజుల గడియారం కింద బతకాల్సి వస్తుంది. ఈ ప్రమాదాన్ని తెలిసి ఎంచుకోవడం ఒక పద్ధతి. చవకని చూసి తెలియక దిగడాన్ని నేను సమర్థించలేను.

నివాస రేవు దొరికినా ఇంటి అద్దెకు ఉండే రక్షణ దానికి ఉండదు. 2000లో చెల్సీకి సంబంధించిన ఒక కేసులో అప్పీల్ కోర్టు, మోకులతో, నీటి గొట్టాలతో, కరెంటు తీగలతో ఒడ్డుకు కట్టి ఉన్న నివాస పడవ భూమిలో భాగం కాదని, అది కదిలే వస్తువేనని తేల్చింది. భూమి కానిదాని మీద ఇంటి కౌలు హక్కు పుట్టదు. ఒకే చోట నిలిపి ఉంచే చక్రాల ఇళ్లలో ఉండేవారికి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం కొంత భద్రత ఇస్తుంది, పడవలకు అదీ వర్తించదు. మిగిలేది చేతిలో ఉన్న ఒప్పందం ఒక్కటే. అందులో గడువు ఎన్నేళ్లు, గడువు తీరాక పొడిగింపు ఎవరి ఇష్టం, ఏటా రుసుము ఏ లెక్కన పెరుగుతుంది, కారణం చెప్పకుండా ఎన్ని రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు అనే నాలుగు సంగతులూ చదవకుండా సంతకం చేయకూడదు. మనవాళ్లు పొలం కొనేటప్పుడు అడంగల్ నుంచి సరిహద్దు రాయి దాకా చూసినంత శ్రద్ధ ఇక్కడ కూడా కావాలి. నివాస రేవులో ఉంటే కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను పడుతుంది, చాలాచోట్ల అన్నిటికంటే తక్కువదైన 'A' బ్యాండ్‌లో. దానికి బదులుగా వైద్యుడి దగ్గర నమోదుకూ, బ్యాంకుకూ, ఓటుకూ పనికొచ్చే చిరునామా వస్తుంది. వలస వచ్చి వీసా కాగితాల మీద బతుకు నడుపుకునేవారికి ఆ చిరునామా విలువ ఆ పన్ను కంటే చాలా ఎక్కువ.

నీరు, వరద, మరమ్మతు

నదికి కలిసే రేవులు అందంగా ఉంటాయి, కెనెట్ అండ్ ఏవన్‌లో నదిలో కలిసి సాగే భాగాలు చాలా ఉన్నాయి. అక్కడ శీతకాలపు వానలకు నీరు లేచినప్పుడు గుంజలు తగినంత ఎత్తున్నాయా, పలక నీటితోపాటు లేస్తుందా, ఒడ్డుకు నడిచే దారి మునిగితే బయటికి వచ్చేదెలా అన్నవి చూసుకోవాలి. వెడల్పాటి నిటారు గోడల మీద గాలి తోపు కూడా ఎక్కువ. ఇరుకు ప్రవేశమున్న మరీనాలో అడ్డగాలి వీచే రోజు పడవను లోపలికి తిప్పడం అనుభవమున్నవారికీ కష్టమే.

ఉక్కు పడవ అడుగుకు కొన్నేళ్లకోసారి నల్ల పూత వేయించాలి, దానికి నీళ్లలోంచి బయటికి తీయాలి. సన్న పడవను బయటికి తీసే గోదీలు (డాక్‌లు) చాలా కాలువల మీద ఉన్నాయి; పన్నెండు అడుగులు పట్టేవి తక్కువ. రేవు నుంచి అలాంటి గోదీకి నడిపించుకు వెళ్లే దారి ఉందా, లేక ప్రతిసారీ క్రేన్ పిలవాలా అన్న ప్రశ్నకు జవాబు రేవు అసలు ఖరీదునే మార్చేస్తుంది. దారి ఉన్నా అది ఎప్పుడూ తెరిచి ఉంటుందన్న భరోసా లేదు. శీతకాలంలో ట్రస్టు లాకులను మరమ్మతులకు మూస్తుంది, ఎండ ముదిరిన ఏడాది నీరు చాలక మూస్తుంది. 2025 జనవరి 1న కుండపోత వానకు డన్‌హమ్ మాసీ దగ్గర బ్రిడ్జ్‌వాటర్ కాలువ కట్ట తెగి నీళ్లు పొలాల్లోకి పోయాయి. ఆ గండితో మాంచెస్టర్‌కూ రన్‌కార్న్, ప్రెస్టన్ బ్రూక్ వైపుకూ నడుమ దారి తెగిపోయింది. ప్రెస్టన్ బ్రూక్ అవతల ట్రెంట్ అండ్ మెర్సీలో సన్న పడవలకు చుట్టుదారి ఉంది. వెడల్పు పడవలకు అటు పోయే దారి లేదు.

వెతికే వరుస

ముందుగా ఉద్యోగం, బడి ఉన్న ఊరిని బట్టి ఏ జట్టో తేల్చుకోవాలి. ఆ జట్టులోని మరీనాలన్నిటికీ ఒకే ప్రశ్న పంపాలి: ఇంత పొడవు, ఇంత వెడల్పు, నీటిలో ఇంత లోతు మునిగే పడవకు నివాస రేవు ఉందా, లేకపోతే నిరీక్షణ జాబితాలో పేరు రాస్తారా. జాబితా అంటే ఏళ్లు పట్టవచ్చు. ఒక్క పేరు నాలుగు జాబితాల్లో ఉండటంలో తప్పు లేదు. ట్రస్టు సొంత రేవుల ప్రకటనలు వారం వారం చూడాలి. స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ రికార్డుల్లో ఆ చోటు పేరు కొట్టి చూస్తే, అక్కడ ఎన్ని రేవులకు నివాసానుమతి ఉందో, ఏ షరతులతోనో ఎవరైనా చదవవచ్చు. చోటు చూడటానికి ఎండ కాసే జూన్ ఆదివారం కాదు, జనవరిలో వాన పడే ఒక సాయంత్రం వెళ్లాలి. బురదలో ఒడ్డు దాకా నడిచి, గ్యాస్ బండ, బొగ్గు బస్తా మోసుకొచ్చే దూరం కళ్లతో కొలిచి, అక్కడ ఉంటున్న ఇద్దరు ముగ్గురిని పలకరించాలి. వాళ్లు చెప్పే సంగతులు ఏ కరపత్రంలోనూ దొరకవు.

ఇక రేవుతో సహా అమ్మకానికి అని ప్రకటించే పడవలు. వెడల్పు పడవ ధర ఈ మాట మీదే బాగా పెరుగుతుంది. అయితే రేవు ఒప్పందం మామూలుగా అమ్మేవారి పేరు మీద ఉంటుంది, పడవతోపాటు దానంతట అది బదిలీ కాదు. మరీనా యాజమాన్యం కొత్తవారిని ఒప్పుకోవచ్చు, మానవచ్చు, కొత్త రేటు చెప్పవచ్చు. అందుచేత బయానా ఇచ్చే ముందు అమ్మేవారి హామీతో ఆగకుండా, ఫలానా పడవ యజమానిగా ఫలానా తేదీ నుంచి మీకు ఈ రేవు ఇస్తామని రేవు యాజమాన్యం నుంచే మీ పేరు మీద రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితం రానంతవరకు ఆ పడవకు రేవు లేనట్టే లెక్కగట్టి బేరమాడాలి.